అప్‌డేట్: నాన్నకు పిత్తనాళం క్యాన్సర్, రోబోటిక్ ఆపరేషన్ అయ్యింది

పర్లాకిమిడి నుంచి మళ్లీ నేనే. నాన్నకు కామెర్లు తగ్గక, పిత్తనాళం కింది భాగంలో క్యాన్సర్ అని తేలితే, రోబోటిక్ ఆపరేషన్ చేయించొచ్చా అని అడిగాను కదా. విశాఖలో చేయించాం. రోబో ఉందా అని కాదు, ఈ ఆపరేషన్ తరచూ చేసే డాక్టరేనా అని చూడమన్నారు మీరు. ఆ మాట పట్టుకునే వెళ్లాం.

ముందు ఎండోస్కోపీతో పిత్తనాళంలో స్టెంట్ (సన్నటి గొట్టం) వేసి కామెర్లు దించారు. తర్వాత విపుల్ (Whipple) ఆపరేషన్: క్లోమం (పాంక్రియాస్) తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళం తీసేసి, మిగిలినవాటిని పేగుకు కలిపి కుట్టారు. రోబో తనంతట తాను ఏదీ కోయదు. కన్సోల్ (రోబోను నడిపే యంత్రం) దగ్గర కూర్చున్న సర్జన్ చెయ్యి ఎటు తిప్పితే అటే తిరుగుతుంది. అదే సొంతంగా కోసేస్తుందేమోనని నా భయమంతా, అందుకే చెబుతున్నా. పైన గాట్లు చిన్నవే గానీ లోపల జరిగేది పెద్ద ఆపరేషనే. క్లోమం కుట్టు దగ్గర లీకై, ఆ ద్రవం బయటి సంచిలోకి పోయేలా డ్రెయిన్ పైపు మూడు వారాలు ఉంచారు. సంచిలో ఎంత వచ్చిందో అమ్మ రోజూ క్యాలెండర్ గడిలో రాసేది.

తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు, ఒక లింఫ్ గ్రంథిలో ఉంది. అందుకే ఆరు నెలలు కేపసిటబిన్ అనే కీమో మాత్రలు: 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. టెన్షన్ పోలేదు. కానీ నిన్న నాన్న మజ్జిగన్నం మారు అడిగి వేయించుకున్నారు.