సముద్రం అడుగుకు మనిషే దిగాలా, కేబుల్ కట్టిన యంత్రం చాలదా?

గుంటూరు_స్టూడెంట్:
మా కాలేజీ డిబేట్‌లో ఈ ప్రశ్న వచ్చింది. నేను యంత్రం వైపు మాట్లాడాను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్ళ ఆర్ఓవీ, అంటే ఓడ మీంచి కేబుల్‌తో నడిపే మనిషి లేని యంత్రం, రోసబ్ 6000, 2010లోనే హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దిగింది. మరి మన దేశపు లోతు సముద్రపు వాహనం మత్స్య 6000లో ముగ్గురిని కూర్చోబెట్టి పంపడం ఎందుకు? 2023లో టైటానిక్ శిథిలాలు చూడటానికి దిగిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి నలిగిపోయి ఐదుగురు చనిపోయారు కదా!

బ్రాడీపేట_మాస్టారు:
బాబూ, టైటాన్‌ని దీనికి ముడిపెట్టకు. దాని ఒళ్ళు కార్బన్ ఫైబర్ గొట్టం. మత్స్యది 80 మిల్లీమీటర్ల మందం టైటానియం గోళం. 1977లో గలాపగోస్ దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతులో, వేడినీటి బుగ్గల చుట్టూ బతికే జీవుల్ని ఆల్విన్ అనే అమెరికా జలాంతర్గామిలో దిగినవాళ్ళు కళ్ళారా చూశారు. తెర మీద చూడటం, ఎదురుగా చూడటం ఒకటి కాదు.

కృష్ణలంక_పైలట్:
మాస్టారూ, నమస్కారం. నేను ఆర్ఓవీ పైలట్‌ని, సెలవు మీద ఇంటికొచ్చాను. 1977 సంగతిలో ఒక ముక్క మిగిలిపోయింది. ఆల్విన్ దిగకముందే, ఓడ నుంచి లాగిన యాంగస్ అనే కెమెరా బండి ఆ చోటు పట్టేసింది. నీటి వేడి పెరిగిన చోట తీసిన ఫొటోల్లో ఆల్చిప్పలు కనిపించాయి. మనిషి ఎక్కడ దిగాలో యంత్రమే చూపించింది.

తెర గురించి మీరన్నది మాత్రం నిజం. అందులో దూరం తెలియదు. యంత్రం చెయ్యి, దాని నీడ దగ్గరికొస్తుంటే నేల దగ్గరపడుతోందని పోల్చుకుంటాం. మొదటి ఏడాది ఒక స్పాంజిని అలా పట్టుకోబోయి కాస్త ఎక్కువ బిగించాను. తునకలైపోయింది. వెనక కూర్చున్న శాస్త్రవేత్త ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తే. ఇక థ్రస్టర్, అదే యంత్రాన్ని నీళ్ళలో తోసే ఫ్యాన్, ఒక్క క్షణం గట్టిగా తిప్పామా, బురద లేచి తెరంతా మసక. నీటి వాలు దాన్ని తీసుకుపోయేదాకా ఆగాల్సిందే.

అయినా నా ఓటు కేబుల్‌కే. కరెంటు పైనుంచి వస్తుంది కాబట్టి షిఫ్టులు మార్చుకుంటూ రోజు దాటి కూడా అడుగునే ఉండగలం. మత్స్య మామూలుగా పనిచేసేది 12 గంటలు, అందులో దిగడం, పైకి రావడం కూడా కలిసే ఉంటాయి. గోళంలో ముగ్గురే చూస్తారు. మా కంట్రోల్ రూమ్‌లో జీవశాస్త్రం వాళ్ళూ రాళ్ళ వాళ్ళూ ఒకే బొమ్మ చూసి అక్కడికక్కడే వాదించుకుంటారు. 2014లో కెర్మాడెక్ అగాధంలో 9,900 మీటర్ల దగ్గర నీరియస్ అనే ఆర్ఓవీ పోయింది. పోయింది యంత్రం, మనిషి కాదు.

బ్రాడీపేట_మాస్టారు:
కేబుల్ తెగితే? 2003లో జపాన్ వాళ్ళ ఆర్ఓవీ కైకో అలాగే పోయింది కదా నాయనా.

కృష్ణలంక_పైలట్:
అవును మాస్టారూ. అందుకే రెండో యంత్రం, ఇంకా నలుగురు పైలట్లు కావాలంటాను. కృష్ణమ్మ కలిసే మన సముద్రంలోనే, 2006లో కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల, అంటే మంచులా గడ్డకట్టిన గ్యాస్, మందపాటి పొర దొరికింది. అలాంటి చోటికి ఒకసారి దిగి వస్తే చాలదు, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడాలి.

గుంటూరు_స్టూడెంట్:
అన్నా, పైలట్ కావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

కృష్ణలంక_పైలట్:
హైడ్రాలిక్స్, కేబుల్‌లోని ఆప్టికల్ ఫైబర్‌కి జాయింట్లు వెయ్యడం. నడి సముద్రంలో మెకానిక్ దొరకడు తమ్ముడూ, రిపేరూ మనమే.