మారుతి 800: పెడల్ నేలకు తొక్కినా లాగదు, వదిలినా రేసు దిగదు

మంగళం_800 (తిరుపతి):
అన్నలకు నమస్కారం. మా నాయన వాడిన 1996 మోడల్ బండి, కార్బురేటర్‌ది (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు పంపేది). ఊళ్లో బాగానే పోతాది. పోయిన ఆదివారం మదనపల్లికి పోతా భాకరాపేట ఘాట్‌లో యాక్సిలరేటర్ పెడల్ నేలకు తొక్కినా మూడో గేరులో లాగలేదు. రెండుకు దించితే ఎనకాల టమాటా ట్రేల లారీవాడు హారనే హారను. ఇంకో యవ్వారం, పెడల్ వదిలినా గుయ్యిమంటానే ఉంటాది. రేణిగుంట రోడ్డులో ఒకాయన స్లో స్క్రూ (పెడల్ వదిలినప్పుడు ఉండే రేసు సెట్ చేసేది) తిప్పి మున్నూరు తీసుకున్నాడు. ఇప్పుడు ఒక సిగ్నల్ కాడ గుయ్యిమంటాది, ఇంకో సిగ్నల్ కాడ ఆగిపోతాది. కార్బురేటరే మార్చాలంటాడు. మార్చాల్నా?

చిత్తూరు_పాతబండి:
దాని జోలికి పోవద్దబ్బా. ఇంజన్ ఆపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తియ్యి. ఇంట్లో ఎవర్నన్నా సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమను. నువ్వు కార్బురేటర్ కాడ పెడల్ కేబుల్ లాగే లివర్ చూడు. తొక్కి పట్టుకోనుండగానే దాన్ని చేత్తో ఇంకొంచెం తిప్పు. తిరిగిందా, ఘాట్‌లో నీకు రాని పవరు అదే. పెడల్ కింద మందం మ్యాట్ ఉంటే తీసెయ్. నా బండికి మూడు నెల్లు అదే దొంగ, నేనేమో ప్లగ్గులు మార్చుకుంటా కూర్చున్నా.

పీలేరు_కుర్రోడు:
కేబుల్లో రెండు చుక్కలు ఆయిల్ పోస్తే సరి.

చిత్తూరు_పాతబండి:
తీగ పోగులు తెగుంటే ఆయిల్ ఏం చేస్తాది? ఘాట్ దిగేటప్పుడు ఇరుక్కుంటే?

మంగళం_800:
అన్నా, దొరికింది! లివర్ ఇంకో వేలెడు తిరిగింది. పెడల్ కాడ తల దూర్చి టార్చి ఏస్తే, తీగలో నాలుగు పోగులు తెగి చీపురు పుల్లల్లా లేసి, తొడుగు మూతికి తట్టుకుంటా ఉండాయి. తొక్కితే పూర్తిగా పోదు, వదిలితే ఎనక్కి రాదు. కొత్త కేబుల్ ఏసేసినా. ఎంత బిగించాల?

చిత్తూరు_పాతబండి:
పెడల్ వదిలినప్పుడు తీగ వేలితో నొక్కితే కొంచెం ఆడాల. బిగుతుగా పెడితే బటర్‌ఫ్లై (కార్బురేటర్ లోపల గాలి దోవ మూసే రేకు) మూసుకోదు, మళ్లీ గుయ్యిమంటాది. నట్లు బిగించినాక లివర్ చివరిదాకా పోతాందో లేదో ఇంకోసారి చూడు. స్లో స్క్రూ అన్నిటికన్నా ఆఖర్న: ఇంజన్ బాగా వేడెక్కినాక, చోక్ (చల్ల ఇంజన్ స్టార్ట్ చేసేదానికి బయటికి లాగే నాబ్) పూర్తిగా లోపలికి తోసి, ఆర్‌పీఎం మీటరు పెట్టి నిమిషానికి 900 చుట్ల దరిదాపుల్లో పెట్టు. చోక్ కొంచెం బయటికున్నా రేసు ఎక్కువే చూపిస్తాది, దాన్ని నమ్మి తిప్పితే మళ్లీ సిగ్నల్ కాడ నిలబడతావు.

మంగళం_800:
చోక్ సగం బయటే ఉండింది అన్నా, సిగ్గుగా ఉంది. ఇప్పుడు వదిలిన వెంటనే దిగతాంది. నిన్న ఘాట్ మూడో గేరులోనే ఎక్కినా. పాత తీగ డిక్కీలో పెట్టినా, ఆ మున్నూరు తీసుకున్నాయనకు చూపించాల.