మస్టాంగ్ జీటీకి మొదటి మాడ్ (మార్పు) ఏది? ఇంటేక్ కొనాలా, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించాలా?

ప్లేనో_గుర్రం:
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2019 మస్టాంగ్ జీటీ కొన్నా, సిక్స్ స్పీడ్ మాన్యువల్, 41 వేల మైళ్లు తిరిగింది, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ లేని మామూలు బండి. ముందాయన ఏమీ కెలకలేదు. నాకు కావాల్సింది రెండే, కాస్త సౌండ్, ఇంకొంచెం పికప్. 2,500 డాలర్ల దాకా పెట్టగలను (మా ఆవిడకి 1,500 అని చెప్పా). కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టం, ఫిల్టర్) కార్ట్‌లో పెట్టి మూడు రోజులైంది, యూట్యూబ్‌లో ఒకడు పెట్టేయమంటాడు, ఇంకోడు దండగంటాడు. రోజూ ఆఫీసుకి ఇదే బండి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

స్పానర్_మావయ్య:
తమ్ముడూ, ముందు కిందికి వంగి టైర్లు చూడు. ఆ మామూలు బండికి కంపెనీ ఇచ్చేది 235 ఆల్ సీజన్ టైరు. ఇంజిన్ దగ్గర 460 హార్స్‌పవర్, చక్రాల దగ్గరికి వచ్చేసరికి నాలుగు వందల చిల్లర, అది కూడా ఆ టైరు రోడ్డు మీద పెట్టలేకపోతోంది. రెండో గేరులో గట్టిగా తొక్కితే వెనకాల దడదడదడమని కొట్టుకుంటుందా? కప్ హోల్డర్‌లో కాఫీ కూడా ఎగురుతుంది. అదే వీల్ హాప్, ఈ తరం మస్టాంగ్‌లకి పుట్టుకతో వచ్చిన జబ్బు. వెనక సస్పెన్షన్‌ని మోసే క్రేడిల్ రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంటుంది, దాన్ని బిగించే లాకవుట్ కిట్ వంద రెండొందల్లో వస్తుంది, మంచి సమ్మర్ టైర్ల సెట్టు పన్నెండొందలు అనుకో. ఈ రెండూ వేశాక అదే ఇంజిన్ నీకు కొత్తగా కనిపిస్తుంది. కాకపోతే సమ్మర్ టైరు చలికి రాయి అవుతుంది, జనవరిలో మనకి ఐసు పడిన రోజు బండి గరాజ్ దాటించకు.

సౌండ్ కావాలంటే యాక్సిల్ బ్యాక్ వేయించుకో, వెనక మఫ్లర్లు మాత్రమే మారతాయి. పవర్ పెరగదు, పెరుగుతుందని చెప్పినవాడు నీకు మఫ్లర్ అమ్ముతున్నాడని అర్థం.

రెడ్‌లైన్_రాజా:
ఇంటేక్ గురించి నా బుద్ధితక్కువ పని చెప్తా, విను. నాదీ 2018 జీటీనే. సెకండ్ హ్యాండ్ ఇంటేక్ చవగ్గా దొరికిందని శనివారం గరాజ్‌లో గంటన్నరలో బిగించేశా, హోరు వింటే ఒళ్లు పులకరించింది అనుకోండి. సోమవారం ఆఫీసుకెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఐడిల్ తూగడం మొదలైంది, సాయంత్రానికి చెక్ ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే పీ0171, పీ0174, అంటే రెండు వైపులా లీన్, గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు. ఎంత గాలి లోపలికి పోతోందో లెక్కపెట్టే మాఫ్ సెన్సర్ ఆ గొట్టంలోనే కూర్చుంటుంది. గొట్టం వెడల్పయితే అదే గాలి సెన్సర్ పక్కనుంచి మెల్లగా పోతుంది, అది తక్కువ గాలి అనుకుంటుంది, కంప్యూటర్ తక్కువ పెట్రోల్ పోస్తుంది. నా కిట్ ట్యూన్ ఉంటేనే వేయాల్సిన రకం, డబ్బా మీద రాసే ఉందట, నాకు అమ్మినవాడు డబ్బా ఇవ్వలేదు. మళ్లీ పాత ఎయిర్ బాక్స్ పెట్టుకున్నా. ట్యూన్ అక్కర్లేని కిట్లూ ఉన్నాయి, కానీ ఈ ఇంజిన్‌కి కంపెనీ ఎయిర్ బాక్సే బాగుంటుంది, వాటితో నీకొచ్చేది ఎక్కువగా చప్పుడే.

డైనో_బాబాయ్:
రాజా చెప్పింది కరెక్ట్. గాలి దారిలో నిజంగా తేడా తెచ్చేది గాలిని సిలిండర్లకి పంచే ఇంటేక్ మ్యానిఫోల్డ్. ఫోర్డ్ వాళ్లే 2019 బుల్లిట్ అనే స్పెషల్ మస్టాంగ్‌లో, ఇంకో మస్టాంగ్ జీటీ350 మ్యానిఫోల్డ్, 87 ఎంఎం థ్రాటిల్ బాడీ పెట్టి 460ని 480 చేశారు, అంత చేస్తే 20. దీన్నిబట్టి వట్టి గొట్టానికి ఎంతొస్తుందో మీరే లెక్కేసుకోండి.

ఇక ట్యూన్. ఈ ఇంజిన్ కంప్రెషన్ 12:1, అంటే బాగా ఎక్కువ, కాబట్టి నాకింగే (పెట్రోల్ తనంతట తాను పేలడం) దీనికి గోడ. 93 ఆక్టేన్ పెట్రోల్ పోయించి, దానికి తగ్గట్టు స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపి, థ్రాటిల్ మ్యాప్ మారిస్తే బండి చురుగ్గా అవుతుంది, కానీ అసలు మజా ఈ85 అనే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో ఉంది. ఇథనాల్ నాకింగ్‌ని బాగా తట్టుకుంటుంది, సిలిండర్‌ని చల్లబరుస్తుంది. టర్బో గట్రా లేకపోతే కంపెనీ ఇంజెక్టర్లే సరిపోతాయి. మైలేజీ మాత్రం పావు వంతు పైనే పోతుంది. పైగా బోర్డు మీద 85 అని ఉన్నా పంపులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు, చలికాలంలో తగ్గుతుంది, టెస్ట్ ట్యూబ్ కిట్ ఒకటి డిక్కీలో పడేసుకోండి. ట్యూన్ చేయించకుండా ఈ85 కొట్టించకండి, ఇది ఫ్లెక్స్ ఫ్యుయెల్ బండి కాదు.

ట్యూన్ ఫైల్ ఈమెయిల్‌లో పంపేవాళ్లు మంచివాళ్లే, కానీ డేటా లాగ్ (బండి నడిచేటప్పటి సెన్సర్ల రికార్డు) అడగకుండా ఫైల్ పంపి "ఎంజాయ్" అనేవాడి దగ్గరికి పోవద్దు. ఐడిల్, హైవే, ఫుల్ థ్రాటిల్ మూడూ లాగ్ చేసి పంపాలి, అతను నాక్ సెన్సర్, ఫ్యుయెల్ ట్రిమ్స్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత సర్దుతోందో) చూసి దిద్దాలి. ఆ ఫుల్ థ్రాటిల్ లాగ్ రోడ్డు మీద తీయకండి, మీ మాన్యువల్‌లో మూడో గేరులో 7000 దాకా లాగితే 110 మైళ్ల దగ్గరికి పోతుంది, టికెట్‌తో ఆగకపోవచ్చు, జైలు దాకా పోవచ్చు. డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి పవర్ కొలిచే రోలర్ల మెషిన్) మీద తీయించండి.

మన డాలస్ చుట్టుపక్కల కౌంటీలకి ఎమిషన్స్ టెస్ట్ ఇంకా ఉంది, 2025లో ఎత్తేసింది సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మాత్రమే. ఫ్లాష్ చేయగానే (ట్యూన్ ఫైల్ కంప్యూటర్‌లోకి ఎక్కించగానే) రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్స్ భాగాలని బండి తనే చెక్ చేసుకున్న రికార్డు) సున్నాకి పోతాయి, మర్నాడే టెస్టుకెళ్తే తిప్పి పంపుతారు, కొన్ని రోజులు మామూలుగా తోలి వెళ్లండి. క్యాట్‌లు (పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లు) పీకే హెడర్ల (ఎగ్జాస్ట్ గొట్టాల) జోలికి అసలు పోకండి, అది ఫెడరల్ చట్టానికే విరుద్ధం.

కూకట్‌పల్లి_కుర్రాడు:
చిన్న డౌట్ అన్నా. ఇక్కడ బంకులో 95, 100 కూడా దొరుకుతున్నాయి, అమెరికాలో 93ఏనా?

డైనో_బాబాయ్:
ఆక్టేన్ కొలత వేరు తమ్ముడూ. మీది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్), మాది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబర్) రెండిటి సగటు. మా 93 మీ లెక్కలో 98కి దగ్గర.

ప్లేనో_గుర్రం:
ఇంటేక్ కార్ట్‌లోంచి తీసేశా. టైర్లు, లాకవుట్ కిట్ శనివారానికి బుక్ చేశా, ట్యూన్ వేసవి దాకా ఆగుతా. ఒక టెన్షన్, డీలర్ దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నాను, ట్యూన్ చేసి మళ్లీ స్టాక్ ఫైల్ పెట్టేస్తే తెలుస్తుందా?

డైనో_బాబాయ్:
తెలిసే అవకాశం ఉంది. ఫ్లాష్ చేసిన ఆనవాళ్లు కంప్యూటర్‌లో మిగిలిపోవచ్చు. కాంట్రాక్టులో మాడిఫికేషన్ల పేరా చదివాకే డబ్బు కట్టండి.

స్పానర్_మావయ్య:
టైర్ల షాపువాడు ఎయిర్ గన్‌తో టకటకా బిగించి పంపేస్తాడు. ఇంటికొచ్చి టార్క్ రెంచ్‌తో చూసుకో, 150 పౌండ్-ఫీట్. వంద మైళ్లు తిరిగాక ఇంకోసారి.