విలాపవాక్యములలోని 'వాత్సల్యత' తప్పు మాటేనా?

ప్రశ్న (ఆమదాలవలస నుండి): పెద్దలకు వందనములు. గత ఆదివారం ఆరాధనలో బైబిలులోని విలాపవాక్యములు 3:22 చదివినప్పుడు, పక్కన కూర్చున్న తెలుగు మాస్టారొకరు 'వాత్సల్యత' దోషమని, 'వాత్సల్యం' అంటే చాలునని అన్నారు. కరుణ, కనికరం వంటి మాటలుండగా అనువాదకులు దీన్నే ఎందుకు తీసుకున్నారో కూడా తెలుపగోరుతాను.

సమాధానం (పాలకొండ నుండి): మాస్టారు గారు చెప్పినది వ్యాకరణరీత్యా సరైనదే. 'వత్స' అంటే లేగదూడ. దానిమీద ప్రేమ గలది 'వత్సల' అనే అర్థాన్ని పాణిని 5.2.98 సూత్రం సాధిస్తుంది. ఆ 'వత్సల' భావమే వాత్సల్యం. దానికి మళ్లీ 'త' చేర్చనక్కరలేదు. అయితే రోజూ మనం రాసే 'ఐక్యత', 'ప్రాధాన్యత' కూడా ఇదే కోవలోనివి కనుక, వాటిని విడిచిపెట్టి దీన్నొక్కదాన్ని పట్టుకోవడం న్యాయమనిపించదు.

రెండవ ప్రశ్నే అసలు రుచి గలది. హీబ్రూ మూలంలో ఆ వచనంలో రెండు మాటలున్నాయి. 'హెసెద్' అనేది నిబంధనకు, అంటే దేవుడు తన ప్రజలతో చేసిన ఒడంబడికకు, కట్టుబడిన ప్రేమ. దాన్ని 'కృప' అన్నారు. 'రహమీమ్' అనేది తల్లి గర్భాన్ని సూచించే 'రెహెమ్' అనే మాటకు చుట్టం, మన 'కడుపుతీపి' వంటిది. దానికి దూడ పేరు మోసే మాటను ఎంచుకోవడం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. చిన్నప్పుడు మా ఇంటి ఆవు, అమ్మ ఎంతసేపు గంగడోలు నిమిరినా చేపేది కాదు (మా వైపు 'సేపడం' అంటారు). లేగను విడిచి, అది పొదుగును రెండు మూడుసార్లు కుమ్మితే గాని పాలు చన్నుల్లోకి దిగేవి కావు. ఆ పాలు దిగడానికి లేగ చేసిన మేలంటూ ఏదీ లేదు, అది తన దూడ కావడం తప్ప.

అందుకే కీర్తన 103:13లో ఆ 'రహమీమ్' ధాతువునే 'జాలిపడును' అనడం నాకు కొంత వెలితిగా ఉంటుంది. దారినపోయే కుక్కపిల్ల మీదనైనా జాలిపడతాం. అక్కడ మూలం తండ్రి ప్రేమకు గర్భసంబంధమైన క్రియనే వాడింది. యెషయా 49:15లో చంటిబిడ్డ తల్లి విషయంలోనూ అదే ధాతువు, అక్కడ 'కరుణింపకుండ' అయింది.

ప్రశ్న: మరి తప్పిపోయిన కుమారుని కథలో, తిరిగొస్తున్న కొడుకును చూసిన తండ్రి గురించి లూకా 15:20లో అన్న 'కనికరపడి' సంగతేమిటండీ?

సమాధానం: అది గ్రీకు. అక్కడి క్రియ 'స్ప్లాంఖ్న' అనే మాట నుండి వచ్చింది; ఆ మాటకు పేగులు మొదలైన లోపలి అవయవాలని అర్థం. 'కనికరపడి' తప్పు కాదు గాని, శరీరం తొలగిపోయింది. మా సంఘంలో చదువురాని ఒక అవ్వ పిల్లలకు ఆ కథ చెబుతూ, కొడుకు దూరాన కనబడగానే ఒక్క క్షణం ఆగి, "తండ్రికి పేగు కదిలిపోనాదమ్మా" అనేది.