రోమా 10:17లో «వినుట»: బధిరులకు ఎలా చెప్పాలి?

ఆఫ్రికాలో బధిరుల మధ్య సంఘాలు కడుతున్నవాళ్ల కోసం పాఠాలు రాస్తున్నాను. బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రికలో «కాగా వినుట వలన విశ్వాసము కలుగును» అన్న వచనం దగ్గర బండి ఆగిపోయింది. సైగ చేసే ఆయన ఇక్కడ చెవి చూపిస్తే, ఎదురుగా ఉన్నవాళ్లకు «ఇది మీకోసం కాదు» అన్నట్టే కదా? «చూచుట వలన» అని మార్చేస్తే తప్పా?

— మార్చకండి. చూడక నమ్మినవారు ధన్యులు అని యోహాను సువార్తలో ఉంది, దానితో కొత్త పేచీ వస్తుంది. ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. «మేము తెలియజేసిన సమాచార మెవడు నమ్మెను» అన్నచోట గ్రీకులో ఉన్న మాట అకొయె. 17లో «వినుట» అన్నదీ అదే అకొయె! వినడం, విన్న కబురు, రెండిటికీ ఆ ఒక్క మాటే. మన అనువాదకులు ఒకచోట «సమాచారము», మరోచోట «వినుట» అని పెట్టేసరికి పౌలు కలిపిన ముడి తెలుగులో విడిపోయింది. కబురు అందితే నమ్మకం కలుగుతుంది అని చెప్పండి చాలు. చెవి ఊసే అక్కర్లేదు.

— దీనికి తోడు 16లో «లోబడలేదు» అన్న క్రియ కూడా వినడం అన్న ధాతువు నుంచి వచ్చిందే. మనం «వాడు నా మాట వినడు» అంటే వాడికి చెవుడు అనా అర్థం?

— నాకు అసలు రుచి 18లో ఉంది. «వారు వినలేదా? విన్నారు గదా?» అని, వెంటనే 19వ కీర్తన ఎత్తుకుంటాడు పౌలు. ఆ కీర్తనలో కబురు చెప్పేది ఆకాశం. «వాటికి మాటలు లేవు, వాటి స్వరము వినబడదు» అని అక్కడే ఉంది. వినడానికి సాక్ష్యంగా ఆయన తెచ్చింది చప్పుడే లేని సందేశాన్ని! ఈ వచనం పట్టుకుని బధిరులకు విశ్వాసం కష్టమని వాదించినవాళ్లు మరో వచనం ముందుకు చదివితే బాగుండేది. బధిరులు సైగలతో మాట్లాడుకుంటారని తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ రాశాడు కూడా.

— బాగుంది. మరి 14లో «ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు»?

— దానికి ఆండ్రూ ఫాస్టర్‌ను చూపండి. అలబామాలో పుట్టిన నల్లజాతి అమెరికన్, 11వ ఏట మెనింజైటిస్‌తో (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వినికిడి పోయింది. 1957లో ఘానాలోని అక్రాకు వెళ్లి బధిరులకు బడి పెట్టాడు. 1987లో రువాండాలో విమాన ప్రమాదంలో పోయేలోగా 13 దేశాల్లో 30కి పైగా బడులు లేచాయి. బడి, బైబిలు కలిసే నడిచాయి. ప్రకటించినవాడూ బధిరుడే, మరి.

— పనికొచ్చే మాట ఒకటి. పాఠంలో «కళ్లు మూసుకుని ప్రార్థించండి» అని రాయకండి. కళ్లు మూస్తే చేతులు కనపడవు, ప్రార్థన అక్కడే తెగిపోతుంది. ప్రసంగీకుడి వెనక కిటికీ ఉన్నా అంతే, ఎదురు వెలుగులో వేళ్లు నల్లగా కనిపిస్తాయి.

— సరేనండి, 16 నుంచి 18 దాకా ఒకే పాఠం చేస్తాను. «సమాచారము»కు ఏ సైగ వాడాలో నేను తేల్చను. ఘానా సైగల భాషలో ఫాస్టర్ తెచ్చిన అమెరికన్ సైగలు చాలా ఉన్నా, పక్క దేశంలోనూ అవే చెల్లుతాయని నమ్మకం లేదు. అక్కడి బధిరులనే అడిగి రాస్తాను.