రాత్రంతా జరిగే క్యాన్సర్ నడకకి వాలంటీర్‌గా పేరిచ్చినా, ముందు చేసినోళ్లు చెప్పండి ప్లీజ్ (తిరుపతి)

అలిపిరి_పిల్ల:
అందరికీ నమస్తే. మాది తిరుపతే, డిగ్రీ ఫైనలియర్. వచ్చే నెల ఒక శనివారం రాత్రి ఇక్కడ కాలేజీ గ్రౌండ్‌లో క్యాన్సర్ కోసం నడక పెడతా ఉండారు, సాయంత్రం 6కి మొదలుపెట్టి పొద్దున 6 దాకా అంట, మా ఎన్ఎస్ఎస్ సార్ వాలంటీర్లు కావాలి అంటే మా పెద్దమ్మ గుర్తొచ్చి గబుక్కున పేరిచ్చేసినా. ఇప్పుడేమో నాకు 12 నుంచి 6 షిఫ్ట్ వేసినారు, పని ఏందో ఎవురూ సరిగ్గా చెప్పడంలా. మా అమ్మ కొండమీద శ్రీవారి సేవ చేసొచ్చింది, క్యూలో నీళ్లు ఇచ్చేదే కదా ఇది కూడా అంటాది. నాన్న అస్సలు ఒప్పుకోవడంలా. నాకు నడవడం భయం లేదు, 3550 మెట్లు ఎన్నిసార్లో ఎక్కినా, కానీ జబ్బు చేసి కోలుకున్నోళ్లు వస్తారంట, వాళ్లతో ఏం మాట్లాడాల?

చిత్తూరోడు_టెక్సాస్:
చెల్లెమ్మా, మాది చిత్తూరు కొంగారెడ్డిపల్లి, ఇప్పుడు అమెరికాలో ఉండా. ఇట్లాంటిది ఇక్కడ రిలే ఫర్ లైఫ్ అని చేస్తారు, నేను మా ఆఫీసోళ్లతో పోయినా. దీని వెనకాల ఒక డాక్టర్ ఉన్నాడు, గోర్డీ క్లాట్ అని, క్యాన్సర్ సర్జన్, 1985లో వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో ఒక యూనివర్సిటీ ట్రాక్ మీద ఒక్కడే 24 గంటలు తిరిగినాడు, 83 మైళ్లు పైనే, అంటే మన లెక్కలో 130 కిలోమీటర్లకి పైగా. స్నేహితులు డబ్బులిచ్చి ఆయనతో కాసేపు నడిచిపోయేవాళ్లు, అట్ల 27,000 డాలర్లు వచ్చినాయి. తర్వాత అది టీములుగా మారింది, అందరూ రాత్రంతా నడవరు, టీములో ఒక్కరైనా ట్రాక్ మీద ఉంటే చాలు, మిగతావాళ్లు టెంట్‌లో పడుకోవచ్చు.

మొదటి రౌండ్ జబ్బు గెలిచినోళ్లది, మనం పక్కన నిలబడి చప్పట్లు కొట్టాల. చీకటి పడినాక కాగితం సంచుల్లో ఇసకపోసి దీపం పెట్టి, పోయినోళ్ల పేర్లు రాసి ట్రాక్ చుట్టూ పెడతారు, లైట్లు ఆపేసి మాటల్లేకుండా ఒక రౌండ్ నడుస్తారు. అప్పటిదాకా పాటలకి ఎగిరినోళ్లు కూడా ఏడుస్తారు, నువ్వు టిష్యూలు పెట్టుకో. అదయిపోయినాక సగం మంది ఇంటికి పోతారు, నీ షిఫ్ట్ అప్పుడే మొదలు హహ. రెండు నుంచి నాలుగు దాకా నిజమైన పని, చెత్త ఎత్తడం, క్యాన్లు మార్చడం, నిద్రకి తూగుతా నడిచేవాళ్లకి టీ ఇవ్వడం. ఫొటోల్లో ఇవేవీ ఉండవు.

నైట్‌డ్యూటీ_అక్క:
నేను నర్సుని, క్యాన్సర్ వార్డులో చేస్తున్నా, తిరుపతే. ఏం మాట్లాడాల అన్నావు కదమ్మా, ముందు ఏం మాట్లాడకూడదో చెప్తా. మన ఊళ్లో గుండు చూసి ఎవురూ తిరిగి చూడరు, అది ఒకరకంగా కీమో చేయించుకునే ఆడోళ్లకి సుఖం, టోపీ లేకుండా బజారుకి పోగలరు. కానీ దాంతో ఇంకో తంటా ఉంది, వాలంటీర్లు నవ్వుతా "కొండకి పోయొచ్చినారా అక్కా" అని అడిగేస్తారు. ఇట్లాంటి క్యాంపులో నా కళ్లముందే ఒకావిడని అడిగితే పాపం ఏం చెప్పాలో తెలీక ఊరికే తలూపింది. అడగొద్దు. ఎక్కడొచ్చింది, ఎన్నో స్టేజీ అని కూడా అడగొద్దు. ఫలానా ఆకు పసరు తాగితే తగ్గిపోయిందంట అని చెప్పేవాళ్లు వస్తారు, వాళ్లని మెల్లిగా టీ కౌంటర్ వైపు తోసెయ్. "కూర్చుంటారా, నీళ్లు కావాలా" అంటే చాలు, చెప్పాలనుకునేవాళ్లు వాళ్లే చెప్తారు, అప్పుడు విను.

కీమో జరుగుతా ఉంటే తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి, ఏ జబ్బైనా తొందరగా అంటుకుంటాది, అందుకని నీకు జలుబు దగ్గు ఉంటే ఆరోజు మానుకో, ఇది మొహమాటానికి పోయే విషయం కాదు. తినేది వేడివేడిగా పెట్టండి, కోసిపెట్టిన పండ్ల ముక్కలు, సాయంత్రం చేసిన చట్నీ రాత్రి రెండుకి పెట్టేది వద్దు, అరటిపండు అయితే మేలు. రొమ్ము ఆపరేషన్ అయినోళ్లని చెయ్యి పట్టి లాగి లేపొద్దు, చంకలో గడ్డలు తీసుంటే ఆ చెయ్యి వాపు రావొచ్చు. కొందరికి కీమో మందులకి కాళ్లు తిమ్మిరెక్కి నేల సరిగ్గా తెలీదు, కాబట్టి ట్రాక్ మీద వైర్లు అడ్డం లేకుండా చూడండి, నాలుగడుగులకో కుర్చీ ఉండాల.

గంగమ్మగుడి_వీధి:
ఏమీ అనుకోవద్దు గానీ, రాత్రంతా నడిస్తే జబ్బు తగ్గుతాదా? టీషర్టులకి, స్టేజీకి, ఫ్లెక్సీలకి పెట్టే డబ్బు నేరుగా పేషెంట్లకి ఇస్తే పోలా? అలిపిరి దగ్గర టాటావాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, టీటీడీ స్థలం ఇచ్చింది, 2022 నుంచి నడస్తా ఉంది, అక్కడికి మదనపల్లి, పీలేరు, పలమనేరు నుంచి వచ్చే వాళ్ల తోడు మనుషులు ఎక్కడ పడుకుంటున్నారో ఒకసారి చూడండి. వసూలు చేసే డబ్బు ఎవరికి పోతుందో అడిగినావా పాపా?

షామియానా_మామ:
పైన అడిగినాయన అడిగింది న్యాయమే. నేను టెంట్లు, లైట్లు, సౌండ్ సప్లై చేస్తా, ఇట్లాంటివి చానా చూసినా, మంచివీ చూసినా, బిల్లు ఎగ్గొట్టినవీ చూసినా. రసీదు లేకుండా ఒక్క రూపాయి చేత్తో ముట్టొద్దమ్మా, డబ్బు కౌంటర్‌లో ఒక్కదానివే కూర్చోవద్దు. ఆ సంస్థకి 80జీ, అంటే విరాళం ఇచ్చినోళ్లకి ట్యాక్స్ మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉందా అని అడుగు, ఉన్నా కూడా క్యాష్ 2,000 దాటితే ట్యాక్స్ మినహాయింపు రాదు, ఇచ్చేవాళ్లకి ముందే చెప్పాల. క్యూఆర్ కోడ్ నువ్వే ఒకసారి స్కాన్ చేసి ఎవురి పేరు వస్తా ఉందో చూసుకో, సంస్థ పేరు కాకుండా ఎవుడో మనిషి పేరు వస్తే సార్‌ని అడుగు. ఇంక సౌండ్ గురించి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టకూడదు, రూలు. నిర్వాహకులు అది మర్చిపోయి డీజే పెట్టి, పోలీసులొస్తే మా కుర్రోళ్లని ముందుకు తోస్తారు. ఆ టెక్సాస్ అబ్బాయి చెప్పినట్టు లైట్లు ఆపి నిశ్శబ్దంగా నడిచే ముచ్చట పదికి తర్వాత పెట్టుకుంటే అందరికీ మంచిది. దీపాలు మాత్రం బ్యాటరీవి పెట్టమను, ఎండుగడ్డి గ్రౌండ్‌లో కాగితం సంచిలో మంట అంటే నాకు నిద్ర పట్టదు. మంచు పడతాది, స్వెట్టరు తెచ్చుకో, దోమల మందు కూడా.

గంగమ్మగుడి_వీధి:
బిల్లు ఎగ్గొట్టినోళ్లు ఎవురు మామా 😄 పర్సనల్‌గా చెప్పు.

అలిపిరి_పిల్ల:
అందరికీ థాంక్స్, సార్‌ని 80జీ గురించి అడిగితే ఒక నిమిషం నా మొహం చూసి, కనుక్కుంటా అన్నారు. ఆడపిల్లలకి బాత్రూమ్ గ్రౌండ్‌కి అవతల చివర ఉంది, అక్కడ లైటు లేదు, అది కూడా చెప్పినా. అక్కా ఇంకొకటి, రాత్రి మూడుకి ఎవురైనా కళ్లు తిరిగి పడిపోతే నేనేం చెయ్యాల?

నైట్‌డ్యూటీ_అక్క:
గుంపు మూగనీకుండా చెయ్యి, పడుకోబెట్టు, స్పృహ సరిగ్గా లేకుంటే నోట్లో నీళ్లు పొయ్యొద్దు, షుగర్ ఉందేమో వాళ్ల మనిషిని అడుగు, 108కి కొట్టు. అసలు అంబులెన్స్ గ్రౌండ్‌లోనే నిలబెడుతున్నారా లేదా అని రేపే అడుగు. ఇంకొకటి, కీమోలో ఉన్నోళ్లు చలిగా ఉంది, ఒళ్లు వేడిగా ఉంది అంటే డోలో ఇచ్చి పడుకోబెట్టొద్దు. 100.4 దాటితే వాళ్లకి అది మామూలు జ్వరం కాదు, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పంపాల. ఒక థర్మామీటర్ కొనుక్కుని జేబులో పెట్టుకో.