యూనివర్సిటీ వాళ్లతో కలిసి నీళ్లు కొలిచేది: సంతకం పెట్టొచ్చా?

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. ఒక యూనివర్సిటీ సెంటర్ వాళ్లు వచ్చి పర్యావరణ న్యాయం (మంచి నీళ్లు, గాలి అందరికీ సమానంగా దక్కాలనేది), ఊరితో భాగస్వామ్యం అంటాండారు. బోర్లలో నీళ్ల మట్టం, ఫ్లోరైడ్ అందరం కలిసి కొలుద్దామంట. నాలుగేండ్ల కింద ఇంకొకరు ఇట్లే వచ్చి మాయమ్మ దగ్గర రెండు స్టీలు క్యాన్లలో నీళ్లు పట్టుకపోయిరి. రిపోర్టూ లేదు, క్యాన్లూ లేవు. ఈసారి ముందే ఏమడగాల?

కదిరి నుంచి:
రిపోర్టు తెలుగులో, గ్రామసభలో చదివి ఇయ్యాలని కాగితంలో రాయించుకో. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటిన నీళ్లు తాగేదానికి పనికిరావు. ఏ బోరులో ఎంతుందో ట్యాంకు గోడమీదే రాయమను. ఇంకోటి, ఎస్సీ కాలనీ బోరు జాబితాలో ఉందా చూడు. న్యాయమనేది ఆడ తెలుస్తాది. కూలి మానుకోని వచ్చేవాళ్లకు ఆ పొద్దు కూలి కూడా అడుగు, మొహమాటపడొద్దు.

గుంతకల్లు నుంచి:
కొలిచేది బ్రహ్మవిద్యేం కాదప్పా. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 7 కరువు జిల్లాల్లో రైతులే కొలిచినారు. మా నాయన కేసింగ్ పైపులోకి టేపు వదిలేవాడు, కొన నీళ్లకు తగిలితే కుయ్యిమనేది. పదైదు దినాలకొకసారి. రబీకి ముందు ఊరంతా కూర్చోని ఉండే నీళ్లెన్ని, వరి పెడితే ఎన్ని, చెనిక్కాయకైతే ఎన్ని అని లెక్కేసేవాళ్లు. కొలిచే టేపు, లెక్కలు రాసే పుస్తకం ఊర్లోనే ఉండాలని పట్టుబట్టు.

అడిగినాయప్ప:
అన్నీ రాసుకున్నా అన్నా. క్యాన్లు మాత్రం వాళ్లే తెచ్చుకోవాలంట, మాయమ్మ షరతు.